మావాడు ఏమీ చెయ్యడండీ!

మన అపార్ట్‌మెంట్లలో ఏ ఆఫీసు చుట్టూ తిరగకుండానే దొరికే సర్టిఫికెట్టు ఒకటుంది. లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది. ముప్పై కిలోల లాబ్రడార్ ముందుకాళ్లు రెండూ మీ ఇస్త్రీ చొక్కా మీద మోపుతుంది. గొలుసుకు అవతలి కొసన (గొలుసంటూ ఉంటే) నిలబడ్డ పెద్దమనిషి ఫోన్లోంచి తలెత్తకుండానే జారీ చేసేస్తాడు: ‘‘మావాడు ఏమీ చెయ్యడండీ!’’

సాక్ష్యం ఏమిటయ్యా అంటే, ఇంతవరకూ ఎవరినీ కరవలేదు. నిజమే. మొదటిసారి కరిచేదాకా ఏ కుక్కయినా ఎవరినీ కరవనిదే. అప్పటికీ మీ ముఖంలో నమ్మకం కనబడకపోతే రెండో విడత మొదలవుతుంది. ‘‘భయపడకండి, భయపడితేనే వాడికి చిరాకు. కదలకండి. పరిగెత్తకండి. కళ్లలోకి చూడకండి. ఆ సంచీ కొంచెం వెనక్కి పెట్టుకోండి.’’ గమనించారా, కుక్కకు మాత్రం ఏ శిక్షణా లేదు. శిక్షణంతా ఇరుగుపొరుగుకే. అయిదో అంతస్తు మామ్మగారు, ట్యూషన్‌కి పోయే పిల్లలు, పాలపాకెట్లు వేసే అబ్బాయి, అందరూ కోర్సు పూర్తిచేసుకుని మరీ లిఫ్టెక్కాలి.

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక ఫ్లాటుకు భోజనం పార్సిల్ తీసుకెళ్లిన 23 ఏళ్ల కుర్రాడికి ఈ కోర్సు చేసే తీరిక లేకపోయింది. ఇంట్లోని జర్మన్ షెపర్డ్ మీదికి రాగానే భయపడ్డాడు, పరిగెత్తాడు, మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. ఆసుపత్రిలో చనిపోయాడు.

తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివాడికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత ఐపీసీలో ఆ జరిమానా వెయ్యి రూపాయలే. సెక్షన్ మారినా ఒకటి మారలేదు. అది కుక్క గుణగణాల గురించి ఒక్క ముక్కా అడగదు, దాన్ని పెంచేవాడి సంగతే అడుగుతుంది.

అలాగని మన పెద్దమనిషికి చట్టం తెలియదనుకునేరు. సగం కంఠతా వచ్చు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆయన ఫోన్లో ఎప్పుడూ సిద్ధం. కుక్కల్ని పెంచొద్దని అసోసియేషన్ తీర్మానించకూడదు, మెజారిటీ ఉన్నా చెల్లదు. లిఫ్టు ఎక్కనివ్వం అనకూడదు. అందులో ఉన్నమాటే, సబబైన మాటే. ‘కుక్కలకు, పనివాళ్లకు ఈ లిఫ్టులో ప్రవేశం లేదు’ అని బోర్డు పెట్టించే సెక్రటరీలకు ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే. (ఆ బోర్డులో రెండో మాట గురించి ఇంకో వ్యాసం రాయాలి.) అయితే అదే కాగితంలో టీకాలు వేయించండి, నలుగురూ తిరిగేచోట గొలుసు వెయ్యండి, దొడ్డికి పోతే ఎత్తెయ్యండి అని పెంచేవాళ్లకూ సలహాలున్నాయి. ఆ పేరాల దగ్గరికి వచ్చేసరికి ఆయన ఫోన్లో చార్జింగ్ అయిపోతుంది. ఎత్తకపోతే జరిమానా వేసే అధికారం అసోసియేషన్‌కు లేదనీ, అడగడం వరకేననీ కూడా అందులో ఉంది. అంటే, మర్యాదస్తుడు కదా, అడిగితే చేస్తాడులే అని నమ్మారన్నమాట. ఆ నమ్మకాన్ని ఆయన రోజూ పొద్దున్నే పార్కింగ్‌లో, సాధారణంగా పక్కవాడి కారు టైరు దగ్గర, నిలబెట్టుకుంటున్నాడు.

కుక్క అంటే ఆయనకు కోపం. ‘మా అబ్బాయి’ అనాలి. పుట్టినరోజుకు కేకు, సంక్రాంతికి పట్టు చొక్కా, ఇన్‌స్టాగ్రామ్‌లో సొంత ఖాతా. సరే, అబ్బాయే అనుకుందాం. ఏ అబ్బాయినైనా పొద్దున తొమ్మిదింటికి బాల్కనీలోకి తోసి, తలుపేసుకుని ఆఫీసుకు పోయి, రాత్రి ఎనిమిదింటికి వస్తే నలుగురూ ఏమంటారు? అంతసేపూ వాడు అరుస్తూనే ఉంటాడు. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న పై ఫ్లాటు నర్సమ్మ వచ్చి అడిగితే, ‘‘కుక్కన్నాక అరవదా మేడమ్?’’ అని ఎదురు ప్రశ్న. ఆ ఒక్క పూటకూ కుక్కే.

పోనీ, కొందరు తెచ్చుకునేది మన ఎండకు తగ్గ కుక్కయినా కాదు. మంచులో బండ్లు లాగడానికి పుట్టిన సైబీరియన్ హస్కీ, ఒంటినిండా రెండు పొరల బొచ్చుతో, 42 డిగ్రీల మే నెలలో, కొండాపూర్‌లో! మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే యోగం కుక్కకు లేదు, నాలుక బయటపెట్టి రొప్పాల్సిందే. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాసిన మన జోనంగి జాతి కుక్కకు ఒంటికి అతుక్కుపోయిన పొట్టి బొచ్చు, పెద్దగా మొరగదని పేరు కూడా. కానీ దాని ఫొటో పెడితే లైకులు రావు.

ఇంతలో ‘నాన్న’గారికి ఆన్‌సైట్ అవకాశం వస్తుంది. అబ్బాయికి వీసా ఖర్చు ఎక్కువ. ఓ రాత్రి కారెక్కించుకుని ఔటర్ రింగ్ రోడ్డు దాకా షికారు తీసుకెళ్లి, ఒక్కడే తిరిగొచ్చే తండ్రులున్నారు. ఆకలిదప్పులతో అలమటిస్తుందని తెలిసీ జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి చేస్తే శిక్ష 10 నుంచి 50 రూపాయల జరిమానా. అబ్బాయి బిస్కెట్ల పాకెట్టు అంతకంటే ఖరీదు.

మొన్న మా జనరల్ బాడీ సమావేశంలో ఈ వ్యవహారమంతా చర్చకొచ్చింది. కుక్కలుండాలన్న వాళ్లు ఒకవైపు, ఉండకూడదన్న వాళ్లు ఒకవైపు. ఒకరు 2015 మార్గదర్శకాలు చదివారు, ఇంకొకరు నీళ్ల బిల్లు బాకీలు చదివారు. కుర్చీలు కదిలాయి, పాత పార్కింగ్ గొడవలు పైకి లేచాయి. చివరికి టీ వచ్చాక రెండు వర్గాలూ చేతులెత్తి ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ఒక్కటే: రేపటి నుంచి కుక్కల్ని తిప్పడం, వాటి వెనకాల శుభ్రం చెయ్యడం వాచ్‌మన్ చూసుకోవాలి. జీతం పెంచే సంగతి వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.