గిటారుకు గుణింతం

నన్ను మొదటిసారి తొక్కిన రోజునే ఆ ఇంట్లో గొడవైంది.

విశాఖ దగ్గర ఆనందపురం జంక్షన్‌కు కూతవేటు దూరంలో ఉన్న పూలవ్యాపారం ఇల్లు అది. వరండాలో చామంతి బుట్టల పక్కన నన్ను నేలమీద పెట్టి, ఒకవైపు గిటారు కేబులు, రెండోవైపు యాంప్లిఫయర్ కేబులు గుచ్చాడు ఇరవై ఏళ్ళ కుర్రాడు. కుడిపాదం నా మీద ఆన్చాడో లేదో, లోపల్నుంచి నాయనమ్మ కేక.

"వాయిద్యాన్ని కాలితో తొక్కుతావేట్రా? సదువులతల్లి కాదేటి అది? ముందు కళ్ళకద్దుకో!"

కుర్రాడు చటుక్కున కాలు తీసేశాడు. అరుగుమీద కూర్చున్న తాత మాత్రం తాపీగా అన్నాడు: "మరి ముప్పై ఏళ్ళు నానేటి తొక్కినానే? నా హార్మోనీ సదువులతల్లి కాదేటి?"

ఆయన పద్యనాటకాలకు కాలి హార్మోనియం వాయించిన మనిషి. స్టేజీ పక్కన స్టూలేసుకుని, రెండు కాళ్ళతో తిత్తి తొక్కుతూ, రెండు చేతులతో మెట్లమీద నడుస్తూ, పద్యం పాడే నటుడికి తెల్లవార్లూ ఊపిరి అందించిన పాదాలవి. నాయనమ్మ ఇక మాట్లాడలేదు. నాకు ఆ ఇంట్లో చోటు దొరికింది. కుర్రాడు మాత్రం ఆవిడ మాటా తీసెయ్యలేదు. ఇప్పటికీ చెప్పులు విప్పి, నన్ను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే పాదం పెడతాడు. దానివల్ల మేలే జరిగింది. బూటుకాలికి తెలియని వాలు వట్టికాలికి తెలుస్తుంది. నా పలక వెంట్రుకవాసి కదిలినా అతని పాదానికి అందుతుంది.

నేను వా-వాల్యూమ్ పెడల్‌ని. జానెడుకు కాస్త పైన పొడవు, ఉక్కు ఒళ్ళు, పైన రబ్బరు అంటించిన పలక. మడమ నొక్కితే పలక వెనక్కి, వేళ్ళు నొక్కితే ముందుకి ఊగుతుంది. పక్కన ఒక స్విచ్. అది వేస్తే నేను 'వా'ను, తీస్తే వాల్యూమ్‌ను. అంతకుమించి నాలో మీటలేమీ లేవు.

రెండు పనులు ఒకే పెట్టెలో ఎందుకని అడిగే గిటారిస్టులను చాలామందిని చూశాను. వాళ్ళకు మా జాతి పుట్టుక చెప్పాలనిపిస్తుంది. 1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే కుర్ర ఇంజనీరు, ఒక యాంప్లిఫయర్‌లో నడిమి స్వరాలను పెంచే స్విచ్‌కు బదులు తిప్పుడు మీట పెట్టి చూస్తున్నాడు. మీట తిప్పుతుంటే శబ్దం నోరు తెరిచినట్టు 'వా' అంది. గిటారు వాయించేవాడికి రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా, మీట ఎవరు తిప్పాలి? వాక్స్ కాంటినెంటల్ ఆర్గన్‌కు వాడే వాల్యూమ్ పెడల్ ఉంటే దాని పెట్టెలోనే ఆ సర్క్యూటు బిగించారు. అంటే మొదటి వా పెడల్ ఒళ్ళు వాల్యూమ్ పెడల్‌దే, అదీ ఆర్గన్ కాళ్ళ దగ్గరిది. తాతగారి హార్మోనియం నాకు దూరపు చుట్టమని నేను మనసారా నమ్మడానికి కారణం అదే. క్లైడ్ మెకాయ్ అనే ట్రంపెట్ విద్వాంసుడు బూరా మూతిమీద మూత కదుపుతూ పలికించే ధ్వనికి దగ్గరగా ఉందని తొలిరోజుల్లో ఆయన పేరుతోనే అమ్మారు. 1968లో జిమీ హెండ్రిక్స్ 'వూడూ చైల్డ్' మొదట్లో తీగలు నొక్కిపట్టి, మీటుతూ, పెడల్ ఊపాక అది గిటారుదే అయిపోయింది.

నాది అందులో మరో శాఖ. లాస్ ఏంజెలెస్‌లో రేమండ్, మార్విన్ లుబో అనే అన్నదమ్ములు టెల్-రే సంస్థలో మొదలుపెట్టిన మోర్లీ వంశం. మామూలు వా పెడల్ లోపల పళ్ళచక్రం ఒక మీటను తిప్పుతుంది. మీటలో కార్బన్ పట్టీమీద ఇనపనాలుక రాసుకుంటూ పోతుంది. రాసుకునేది ఏదైనా అరుగుతుంది, దుమ్ము పడితే కరకరమంటుంది. నాలో రాపిడి లేదు. ఒక పక్క చిన్న దీపం, ఎదురుగా వెలుతురును బట్టి నిరోధం మారే కన్ను, రెంటికీ నడుమ పలకతోపాటు కదిలే తెర. పాదం వంగితే తెర జరుగుతుంది, కంటికి వెలుగు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. అంతే. ఉప్పుగాలి ఇనుమును తినేసే ఈ ఊళ్ళో ఆ పద్ధతే నన్ను ఇన్నేళ్ళు బతికించింది. ఇక్కడ పెట్టెలో పెట్టి మూడు వర్షాకాలాలు మరిచిపోతే గిటారు తీగలే పొట్టు రాలుతాయి. నా జాకులు తుప్పుపట్టాయి, స్విచ్ ఒకసారి మార్చారు, అడుగు మరలు రెండు రంగు తేలాయి. వెలుగు మాత్రం అరగలేదు.

ఇక్కడికి నన్ను తెచ్చింది కుర్రాడి మేనమామ. స్టీల్ ప్లాంటుకు ఆస్ట్రేలియా బొగ్గు మోసే ఓడలో ఇంజన్ గదిలో పనిచేసేవాడు. 2011లో సింగపూర్‌లో నన్ను కొని, బనియన్లలో చుట్టి, పెట్టె అడుగున దాచాడు. "ఇదుగో అల్లుడూ, నీ చర్చిలోకీ సంబరాలకీ పనికొస్తాది. జాగర్తగా సూసుకో" అని చేతిలో పెట్టాడు. కుర్రాడిది అటూ ఇటూ వాయించే చెయ్యి. ఆదివారం పొద్దున చర్చి పాటలకు, చవితికీ దసరాకూ ఆర్కెస్ట్రాకు. ఈ జిల్లాలో గిటారు పట్టిన చాలామంది బతుకు అదే.

మొదటి రెండేళ్ళూ నన్ను తప్పుగానే వాడాడు. చెప్పక తప్పదు. తాళానికి తగ్గట్టు వా వా వా అని ఊపడమే. కుట్టుమిషను తొక్కినట్టు. వాళ్ళమ్మ వరండాలో మిషను తొక్కుతుంటే నిద్రపోయిన బిడ్డ కదా, పాదానికి ఆ లయ అలవాటైపోయింది. పాట ఏదైనా అదే ఊపు. పక్కనున్న కీబోర్డు వాయించే పెద్దాయన పాట సగంలో తలతిప్పి చూసేవాడు.

2013 చవితి పందిట్లో జరిగింది నాకు ఇప్పటికీ బాధే. గిటారు సోలో 'వా'తో ముగించి, స్విచ్ తీసి, మామూలు ధ్వనితో చరణం అందుకోవాలి. ఆ క్షణాన అతని మడమ కిందికి నొక్కి ఉంది. స్విచ్ తీశాడు. వా పోయింది, నేను వాల్యూమ్‌నయ్యాను. మడమ కిందికి ఉంటే వాల్యూమ్ సున్నా. గిటారు మాయమైపోయింది. "కేబులు పోనాదేట్రా?" అని డ్రమ్ముల అబ్బాయి అరిచాడు. కుర్రాడు జాకులు పీకి పెట్టాడు, యాంప్ మీద కొట్టాడు, కొత్త కేబులు వేశాడు. పాట అయిపోయింది. ముందుకు ఒక్కసారి వంచితే చాలని చెప్పడానికి నాకు నోరు లేదు.

నాలాంటి జంటపెడల్‌కు ఉన్న అసలు మెలిక అదే. విడి వా పెడల్ ఆపితే గిటారు ఉన్నది ఉన్నట్టు పోతుంది. నేను ఆగిపోయే స్థితి అంటూ లేదు. ఒకటి కాకపోతే ఇంకొకటి. అందుకే స్విచ్ తాకేముందు వేళ్ళు పూర్తిగా కిందికి దించాలి. ఆ రాత్రి ఇంటికొచ్చాక నన్ను తిప్పితిప్పి చూసి కనిపెట్టాడు. ఆ తర్వాత బ్యాటరీ సంగతి. కేబులు గుచ్చి వదిలేస్తే తొమ్మిది వోల్టుల బ్యాటరీ తెల్లారేసరికి పడుకుంటుంది, జాకే నా మెయిన్ స్విచ్ కాబట్టి. ఇంకొకటి కూడా ఉంది. వా ఏమో ధ్వనికి గరుకు తెచ్చే డిస్టార్షన్‌కు ముందుంటే బాగుంటుంది, వాల్యూమ్ దాని తర్వాత ఉంటే బాగుంటుంది. ముందున్న వాల్యూమ్ తగ్గిస్తే శబ్దంతోపాటు గరుకూ తగ్గిపోతుంది. రెండూ ఒకే పెట్టెలో ఉన్నప్పుడు ఏదో ఒకటి వదులుకోవాలి. అతను గరుకును వదులుకున్నాడు. మంచిపని చేశాడని నా నమ్మకం.

మార్పు వచ్చింది హుద్‌హుద్ తుఫానుతో. 2014 అక్టోబరు 12. ఆ ఆదివారం గాలి చేసిన పని విశాఖలో ఎవరూ మరిచిపోలేదు. ఆనందపురం చుట్టూ పూలతోటలు నేలకు పరుచుకున్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు, అమ్మడానికి పువ్వు లేదు. సాయంత్రాలు చీకట్లో కుర్రాడు గిటారు ఒళ్ళో పెట్టుకుని, యాంప్ పలకదు కాబట్టి, నన్ను వట్టినే తొక్కుతూ ఉండేవాడు. శబ్దం రాదు కదా, నోటితో అనుకునేవాడు. మడమ కిందికి 'ఊ', నడుమ 'ఆ', వేళ్ళ కొసకు 'ఈ'. చీకట్లో తాత అది వింటూ కాసేపటికి అన్నాడు: "గుణింతం దిద్దుతున్నావేట్రా?"

దిద్దుతున్నాడు. గిటారు తీగను మీటితే ముందు వినపడేది హల్లు, ఒక 'ట్' లాంటి దెబ్బ. దాని వెనకాల వచ్చే నాదం సన్నబడుతూ పోతుంది. నా వాల్యూమ్ పని ఆ హల్లును తీసేయడం. మూసి ఉంచి, మీటాక మెల్లగా తెరిస్తే దెబ్బ వినపడదు, నాదం కమానుతో లాగినట్టు ఎక్కడినుంచో వస్తుంది. నా వా పని ఆ నాదానికి అచ్చు ఇవ్వడం. సుమారు 400 హెర్ట్జ్ నుంచి 2000 దాటేదాకా ఒక శిఖరాన్ని నడిపిస్తాను. శిఖరం కింద ఉన్నచోట ఊ, పైకెక్కితే ఈ. మనిషి నోరు చేసేదీ ఇదే పని. నాలుక, పెదవులు కదిలినకొద్దీ నోటిలో ఏ స్వరాలు ఉబ్బుతాయో మారుతుంది, దాన్నే అచ్చు అంటారు. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది. పద్యనాటకంలో పద్యం చివరి అచ్చును పట్టుకునే కదా నటుడు రాగం తీసేది, జనం వన్స్ మోర్ అనేది. కీచుమనే సోలోల కోసం నన్ను కొనేవాళ్ళున్నారు, నాకు కోపం లేదు. కానీ అచ్చుల మీద ఇంత ప్రేమ ఉన్న భాషలోకి వచ్చి పడినందుకు నేను సంతోషిస్తాను.

కరెంటు వచ్చాక తాత, మనవడు ఇద్దరూ కూర్చున్నారు. తాత హార్మోనియం చెదలు పట్టి ఎప్పుడో పోయింది. నోటితోనే బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకంలోంచి ఒక కాటిసీను పద్యం అందుకునేవాడు. దగ్గు అడ్డమొచ్చేది. చివర రాగం గిటారుకు వదిలేసేవాడు. "తొందరెందుకురా? నటుడు ఊపిరి తీసుకున్నప్పుడు నానూ తిత్తి ఒగ్గేసేవోణ్ణి. ఊపిరి ఇనపడాల."

వాల్యూమ్, వా రెండూ ఒకేసారి నేను చెయ్యలేను. కుర్రాడు దానికీ దారి వెతికాడు. గిటారు మీద మీట దగ్గర చిటికెన వేలు ఉంచి, ఊపిరి దానికి అప్పగించాడు. అచ్చులు నాకు. పాదం ఇప్పుడు కుట్టుమిషను తొక్కడం మానేసింది. ఒక్క 'ఆ' దగ్గర పలకను నిలబెట్టి, కాలి బొటనవేలితో అణువంత అటూ ఇటూ ఆడించడానికి అతనికి ఎన్నో నెలలు పట్టింది.

మొన్న సంక్రాంతికి ఊళ్ళో పద్యనాటకం పెట్టారు. హార్మోనిస్టు ఉన్నాడు, చివరి పద్యానికి మాత్రం కుర్రాడిని స్టేజీ పక్కన కూర్చోమన్నారు. తాత ముందు వరసలో కుర్చీలో, శాలువా కప్పుకుని. నటుడు పద్యం పూర్తిచేసి అచ్చు పట్టుకున్నాడు, పాదం నా మీద దిగింది, గిటారు అతని గొంతు వెనకాల 'ఆ' అంటూ లేచింది. నటుడు ఆగాక కూడా గిటారు కాసేపు సాగింది. మడమ మెల్లగా కిందికి వస్తుంటే 'ఆ' కాస్తా 'ఊ'గా మారింది. మడమ పూర్తిగా ఆనింది. ఈ స్థితిలో స్విచ్ తీస్తే ఏమవుతుందో నాకు తెలుసు, అతనికీ తెలుసు. తీశాడు.

పందిట్లో నిశ్శబ్దం. ముందు వరసలో తాత కుర్చీ కింద రెండు పాదాలూ, తొక్కుతున్నవల్లా, అప్పుడే ఆగాయి.