రుచికి గడి లేని టెండరు

సూరత్‌లో తినాలి, కాశీలో పోవాలి అని గుజరాతీ సామెత. రెండోదానికి తొందర లేదు గనక, మొదటిదాని కోసం ఆదివారం పూట అడాజన్‌లో లోచో బండి దగ్గర నిలబడతాను. ఖమణ్ అనే శనగపిండి వంటకం చేయబోతే పిండిలో నీళ్లెక్కువై చెడితే పుట్టిందట ఈ లోచో. వెన్న, సేవ్, ఉల్లిముక్కలు వేసి ప్లేటు చేతికిచ్చాక బండాయన వెంటనే ఇంకో గిరాకీ వైపు తిరగడు. మొదటి ముద్ద నా నోట్లోకి వెళ్లేదాకా నా మొహమే చూస్తాడు.

మొహాలు చూసే అలవాటు సర్కారుకూ పట్టుకుంది. 2025 జూలై 1 నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే పోషకాహార పొట్లం అందాలంటే బాలింత మొహాన్ని ఫోను కెమెరా గుర్తుపట్టాలి. నిద్రలేని మొహం పాత ఫొటోతో కలవకపోతే తప్పు మొహానిదే. పొట్లానికి ఆ బాధ లేదు. దాన్ని కొనే టెండరు కాగితంలో టర్నోవరుకు గడి, ధరావతుకు గడి, ప్రోటీను గ్రాములకు గడి. రుచికి గడి లేదు. ల్యాబులో పరీక్ష చేస్తారు, నిజమే. పరీక్షనాళికకు నాలుకుంటుందా?

అంగన్‌వాడీ తిండిలో కాంట్రాక్టర్లు వద్దు, మహిళా మండళ్లకు, ఊరి సంఘాలకు ఇవ్వండని సుప్రీంకోర్టు 2004 అక్టోబరు 7నే చెప్పింది. కాంట్రాక్టరు బుద్ధిగా వెళ్లిపోయి, చీర కట్టుకుని తిరిగొచ్చాడు. మహారాష్ట్రలో మహిళా మండళ్ల బోర్డుల వెనక కంపెనీలున్నాయని 2012లో రాసింది మరెవరో కాదు, ఆ కోర్టే నియమించిన కమిషనర్ల కార్యాలయమే.

గుజరాత్ కొంత నయం. బాలశక్తి, మాతృశక్తి పొట్లాల తయారీని అమూల్ కుటుంబపు డెయిరీలకు అప్పగించింది. వాటిలో మా సూరత్ సుముల్ ఒకటి. పాలు పోసే రైతుల సంస్థ, కాదనను. కానీ పాలు నచ్చకపోతే నేను పక్క కొట్టుకు పోతాను. పొట్లం నచ్చని తల్లికి పక్క కొట్టేదీ?

ఇక పిల్లాడి తిండికి రోజుకు 8 రూపాయలు. 2017లో కేంద్రం కట్టిన లెక్క. ఆ డబ్బుకి మా బండాయన పచ్చడి కూడా వడ్డించడు.

అయినా అడిగి చూశాను, "అంగన్‌వాడీకి సరఫరా చేస్తావా భాయ్?"

"డబ్బులెవరిస్తారు?"

"సర్కారు."

"తినేదెవరు?"

"పిల్లలు."

"బాగోలేదని నాకెవరు చెబుతారు సాహెబ్?"

నోటినిండా లోచో పెట్టేసుకున్నాను.