రాయి యని వ్రాసికొనుడు

2025 నవంబరు 19, బుధవారమునాడు నాసావారు సభ తీర్చి, సూర్యమండలమును దాటి పోవుచున్న త్రీఐ అట్లాస్ అను నక్షత్రాంతర వస్తువు ముమ్మాటికిని తోకచుక్కయే గాని గ్రహాంతరవాసుల నౌక కాదని తమ అధికారి అమిత్ క్షత్రియగారి నోట లోకమునకు సెలవిచ్చిరి. 2017లో వచ్చిన ఓమువామువా అను అట్టి వస్తువును ఎవరో విడిచిన కాంతి తెరచాప కావచ్చునని ఊహించి, దీనిని సైతము నౌక కారాదా యని నెలల తరబడి ప్రశ్నించుచున్న హార్వర్డు ఆచార్యులు ఆవీ లోబుగారి అభిమానులు ఆ మాటకు నిట్టూర్చిరి. నేను మాత్రము ఉలికిపడితిని. ఏలయన, రేపు నిజముగనే దిక్కులేని నౌక యొకటి దొరికిననాడు ఈ భూమిమీది ప్రభుత్వములన్నియు ఏకకంఠముగా పలుకబోవు మాటయు నిదియే: అబ్బే, అది నౌక కాదు, రాయి.

కారణము చట్టములో నున్నది. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక ననుసరించి ఆకాశమునకు పంపబడిన వస్తువు ఎక్కడ తేలినను పంపినవారి సొత్తే. 1968 నాటి ఒప్పందము ననుసరించి దానిని కనుగొన్న రాజ్యము పంపినవారికిని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికిని తెలియజేయవలెను. వారు కోరినచో గుర్తింపు వివరములు పుచ్చుకొని వస్తువు నప్పగింపవలెను. ఖర్చులు మాత్రము పంపినవారివే. కావున ఏ సుదూర నక్షత్రమునుండియో ఒక జీవి తన ముత్తాత విడిచిపోయిన నౌకకై వచ్చి, వరుసలో నిలిచి, టోకెను పుచ్చుకొని, వారసత్వ ధ్రువపత్రమును గెజిటెడ్ అధికారి సంతకముతో సమర్పింపగా, గుమాస్తాగారు కళ్లజోడు సవరించుకొని, బొటనవేలు లేనివారి ముద్ర చెల్లదని దరఖాస్తును త్రిప్పి పంపుదురు.

అదే రాయి యైనచో ఈ పేచీ యేమియు లేదు. గ్రహశకలములనుండి త్రవ్వితీసిన సంపద త్రవ్వినవానిదే యని 2015లో అమెరికా తన పౌరులకు చట్టము చేసి యిచ్చినది. త్రవ్వుకొన్నంతమాత్రమున ఆక్రమణ కాదని 2020 నాటి ఆర్టెమిస్ ఒప్పందములు సర్దిచెప్పినవి. 2023 జూనులో మనమును వానిపై సంతకము చేసితిమి. అనగా, నౌక యైన పరుల సొమ్ము, రాయి యైన మన గని! ఇక నిపుణుల సంఘము నివేదికను ఊహించుట కష్టము కాదు. ద్వారము సహజమైన పగులు, ఆసనములు స్ఫటికోద్భవములు, గోడమీది లిపి ఉల్కలు గీచిన గీతలు, ఇంకను వెలిగి ఆరుచున్న ఎఱ్ఱదీపము ఒకానొక భాస్వర ధర్మము. కొండలను గ్రానైటుగా కాగితమున వ్రాయించి, లీజు పుచ్చుకొని, కోసి ఓడల కెక్కించుట కన్నులార చూచిన తెలుగువానికి ఈ విద్య క్రొత్తది కాదు.

ఆ జీవి మొండికెత్తి, నౌకయే యని వాదించెనేని, దానికిని పూర్వనిదర్శనములు గలవు. 1979 జూలైలో, మనుష్యులు విడిచిపెట్టిన స్కైలాబు నెత్తిన కూలునను భయముతో మన పల్లెలు కోళ్లను మేకలను కోసి తిని చావునకు సిద్ధపడగా, దాని తునకలు పశ్చిమ ఆస్ట్రేలియాలో పడినవి. అక్కడి ఎస్పెరెన్సు పురపాలకులు చెత్త పారవేసినందులకు నాసాపై 400 డాలర్ల జరిమానా వేసిరి. 1978లో కెనడాపై కూలిన సోవియటు అణు ఉపగ్రహమునకు ఆ దేశము 60 లక్షల డాలర్లు అడుగగా 30 లక్షలకు బేరము తెగినది. కాబట్టి నౌక నాదన్న జీవి చేతిలో తొలుత జరిమానా నోటీసు పెట్టుదురు. అది సగమునకు బేరమాడుట నేర్చిననాడు నాగరక జాతియని గుర్తింతురు.

పరిహాసము చాలును. అది తోకచుక్కయే, నాకు సందేహము లేదు. మరియొక నక్షత్రమువద్ద పుట్టి మన కంటబడినవానిలో మూడవది. 2025 జూలై 1న చిలీలోని దూరదర్శినికి చిక్కినది. అక్టోబరు 2న అది కుజునికి మూడు కోట్ల కిలోమీటర్ల దూరమున పోవుచుండగా అక్కడి నాసా కెమెరా తీసిన చిత్రమును లోకము నవంబరు 19న గాని చూడలేదు. దాచినవారెవరును లేరు, బడ్జెట్టు తగవులో 43 దినములు అమెరికా ప్రభుత్వమే తలుపులు మూసికొన్నది. ఆ సభలో చూపిన చిత్రములలో మావెన్ నౌక తీసినవి గలవు. పదేండ్లకు పైగా కుజుని చుట్టు తిరుగుచు అప్పటికింకను పనిచేయుచుండిన ఆ మావెన్‌ను ఆపివేయుమని, నాసా విజ్ఞాన నిధులలో దాదాపు సగము కోయుమని 2026 బడ్జెట్టు ప్రతిపాదనలో వ్రాసినది సాక్షాత్తు అధ్యక్షభవనము. రహస్యము, రహస్యము అని గొంతు చించుకొన్నవారిలో ఎందరు ఈ బహిరంగ దస్త్రమును చదివిరి? ఎందరు దీనిని ప్రశ్నించిరి? కనుచూపునకు పెట్టు ఖర్చును దండుగ యనువానికి ఆకాశమున ఏది దొరికిన నేమి? అనాథనౌకకై పరలోకములను గాలింప నక్కరలేదు. నిక్షేపముగా పనిచేయుచుండిన మన నౌకనే ఒక్క సంతకముతో అనాథను చేయబూనితిమి.