అధ్యక్షులవారి చెవిపోటు

2016 ఏప్రిల్‌లో నైజీరియా అధ్యక్షుడు ముహమ్మదు బుహారీ ఆ దేశ వైద్యుల సంఘం సదస్సుకు ఒక గట్టి మాట వినిపించారు. ఇక్కడే నయమయ్యే రోగానికి ఏ అధికారైనా విదేశాలకు వెళ్తానంటే ప్రజల సొమ్ము ఇచ్చేది లేదని. భేష్! ఇన్నాళ్లకు ఒక మొనగాడు దొరికాడు అనుకునేలోపే జూన్ వచ్చింది. అధ్యక్షులవారికి చెవిపోటూ వచ్చింది. లండన్ విమానం ఎక్కేశారు.

చెవి అండీ. గుండె కాదు, మెదడు కాదు. కేవలం ముందుజాగ్రత్త కోసమేనని అధ్యక్ష భవనం సెలవిచ్చింది. చెవి, ముక్కు, గొంతు నిపుణులు దేశంలో 250 మందికి పైగా ఉన్నారని వైద్యులు మొత్తుకున్నారు. జాతీయ చెవి వైద్య కేంద్రం కదునాలో, అంటే బుహారీ సొంత ఇల్లున్న ఊళ్లోనే ఉందని గుర్తు చేశారు. ఎవరు వింటారు? వినాల్సిన చెవికే కదా జబ్బు!

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. అయితే ఇక్కడ పెరట్లో చెట్టుకు నీళ్లు పోయాల్సింది ఎవరు? ఎండగట్టింది ఎవరు? ఎండిపోయిందని ముక్కు విరిచి పక్కింటికి పరిగెత్తుతున్నది ఎవరు?

2017లో బుహారీ మళ్లీ లండన్ వెళ్లారు. మే మొదటి వారంలో వెళ్లినవారు ఆగస్టులో తిరిగొచ్చారు. వంద రోజులకు పైనే. జబ్బేమిటో ఓటేసిన వాళ్లకు చెప్పలేదు. ఖర్చెంతో పన్ను కట్టిన వాళ్లకు చెప్పలేదు. వచ్చాక కూడా ఆఫీసుకు వెళ్లలేదు, ఇంటి నుంచే పని. ఎందుకంటారా? ఆయన లేని మూడు నెలల్లో ఎలుకలు ఆఫీసులో ఫర్నిచర్‌నీ ఏసీనీ కొరికేశాయట. ఇది వ్యంగ్యం కోసం నేను అల్లింది కాదు. అధికార ప్రతినిధి గారే పత్రికలకు చెప్పారు. అధ్యక్షుడు లేని కాలంలో ఆ భవనంలో నిక్కచ్చిగా పనిచేసింది ఎవరో దేశానికి అలా తెలిసొచ్చింది.

అధ్యక్ష భవనానికి సొంత ఆసుపత్రి లేదా? లేకేం. 2016 బడ్జెట్‌లో ఆ ఒక్క క్లినిక్‌కు మూలధన పద్దు కింద 380 కోట్ల నైరాలకు పైగా రాసుకున్నారు. దేశంలోని 16 ప్రభుత్వ బోధనాసుపత్రులకు అదే పద్దులో ఇచ్చింది మొత్తం కలిపినా అంత లేదు. సరే, కనీసం ఆ క్లినిక్ అయినా మెరిసిపోయిందా? 2017 అక్టోబర్‌లో అధ్యక్షుడి భార్య ఆయిషా బుహారీ నిండు సభలో కుండ బద్దలు కొట్టారు. తనకు ఒంట్లో బాగోలేక ఫోన్ చేస్తే ఎక్స్‌రే యంత్రం పనిచేయడం లేదన్నారట. క్లినిక్‌లో సిరంజి కూడా లేదట. చివరికి ఆమె విదేశీయులు నడిపే ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చిందట. ఇంటావిడకే సూది మందు దిక్కులేదు. ఊళ్లో వాళ్ల సంగతి అడగాలా?

అడగాల్సిందే. 2023లో ప్రపంచమంతటా కాన్పు, గర్భం కారణంగా చనిపోయిన ప్రతి పది మంది తల్లుల్లో దాదాపు ముగ్గురు నైజీరియా వాళ్లే. ఒక్క ఏడాదిలో సుమారు 75 వేల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రక్తస్రావం, అధిక రక్తపోటు, ఇన్ఫెక్షన్. ఏదీ వింత జబ్బు కాదు. మందూ ఉంది, పద్ధతీ తెలుసు. లేనిదల్లా అర్ధరాత్రి వేళ తెరిచి ఉన్న ఆసుపత్రి. ఆ తల్లులకు ముందుజాగ్రత్త కోసం ఎవరైనా లండన్ టికెట్ తీశారా?

ఇప్పుడు అసలు వినోదం. 2001 ఏప్రిల్‌లో ఆఫ్రికా దేశాధినేతలంతా ఒకచోట కూర్చుని ప్రతిజ్ఞ చేశారు. బడ్జెట్‌లో కనీసం 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని. ఎక్కడ చేశారో తెలుసా? నైజీరియా రాజధాని అబూజాలో. ప్రతిజ్ఞకు ఆ ఊరి పేరే పెట్టారు. రెండు దశాబ్దాలు దాటిపోయాయి. ఆతిథ్యమిచ్చిన నైజీరియా ఐదారు శాతం దగ్గరే కూలబడింది. మిగతా వాళ్లూ తక్కువ తినలేదు. ఏ ఏడాది లెక్క తీసినా మాట నిలబెట్టుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కించేన్ని. మాట తప్పినందుకు ఎవరి పదవైనా ఊడిందా? ఎవరి ముఖమైనా ఎర్రబడిందా?

సంతకాలు చేసినవాళ్లు, వాళ్ల తర్వాత కుర్చీ ఎక్కినవాళ్లు ఎక్కడెక్కడ కన్నుమూశారో చూడండి. జాంబియా అధ్యక్షుడు లెవీ మ్వానవాసా 2008లో పారిస్ దగ్గర. అదే దేశపు మైఖేల్ సాటా 2014లో లండన్‌లో. ఇథియోపియా ప్రధాని మెలెస్ జెనావి 2012లో బ్రస్సెల్స్‌లో. అదే ఏడాది గినీ బిస్సావ్ అధ్యక్షుడు పారిస్‌లో. గాబన్‌ను 41 ఏళ్లు ఏలిన ఒమర్ బొంగో 2009లో బార్సిలోనాలో. అంగోలాను 38 ఏళ్లు ఏలిన దోస్ సాంతోస్ కూడా 2022లో బార్సిలోనాలోనే. గాబన్‌లో చమురుంది. అంగోలాలో చమురూ ఉంది, వజ్రాలూ ఉన్నాయి. నలభై ఏళ్లలో దేశాధినేత ధైర్యంగా పడుకోగల ఒక్క మంచం మాత్రం తయారు కాలేదు. చావును ఎగతాళి చేయడం లేదు. రోగం ఎవరికైనా వస్తుంది. కానీ నలభై ఏళ్లు గడువిచ్చినా ఆసుపత్రి కట్టుకోలేని వాడిని రోగి అనాలా, ఎగవేతదారు అనాలా?

పైగా ఈ ప్రయాణాల్లో రహస్యం ఒకటి. బొంగో పోయారని ఐరోపా పత్రికలు రాస్తే, బతికే ఉన్నారని గాబన్ ప్రధాని బుకాయించారు. గంటలు తిరక్కుండానే నాలుక మడతేశారు. నైజీరియాలోనే బుహారీకి ముందు అధ్యక్షుడిగా ఉన్న ఉమారు యారాడువా 2009 నవంబర్‌లో సౌదీ వెళ్లి దాదాపు మూడు నెలలు అయిపు లేకుండా పోయారు. అధికారం ఎవరికీ అప్పగించలేదు. ఉపాధ్యక్షుడికి బాధ్యత ఇవ్వడానికి పార్లమెంటు తంటాలు పడాల్సి వచ్చింది. ఒక అర్ధరాత్రి ఆయన్ను విమానంలో తెచ్చి భవనంలో పెట్టారు. మే నెలలో పోయారు. ఆయన జాడ లేని ఆ రోజుల్లో దేశాన్ని ఎవరు నడిపారు? ఎలుకల్నే అడగాలి.

ఇక జింబాబ్వే. దీని గురించి తీరిగ్గా చెప్పుకోవాలి.

37 ఏళ్లు ఏలిన రాబర్ట్ ముగాబే ఏటా సింగపూర్ యాత్రలు చేసేవారు. కళ్ల వైద్యం అనేవారు. సభల్లో కునుకు తీస్తున్నారేమిటని జనం నవ్వితే, అది నిద్ర కాదు, వెలుతురు పడక కళ్లకు విశ్రాంతి ఇస్తున్నారని ప్రతినిధి 2017లో వివరణ ఇచ్చారు. 2019 సెప్టెంబర్ 6న ముగాబే సింగపూర్‌లోనే పోయారు. దానికి మూడు రోజుల ముందే జింబాబ్వేలో ప్రభుత్వ వైద్యులు సమ్మెకు దిగారు. జీతాన్ని ద్రవ్యోల్బణం మింగేసింది, డ్యూటీకి రావడానికి ఛార్జీలకు కూడా చాలడం లేదని వాళ్ల గోడు. ప్రభుత్వం ఏం చేసింది? ఆ నవంబర్‌కల్లా 400 మందికి పైగా వైద్యులను పీకేసింది.

ఆ సమ్మె జరుగుతున్న వేళ ఉపాధ్యక్షుడు కాన్‌స్టాంటినో చివెంగా ఎక్కడున్నారు? చైనాలో. వైద్యం కోసం. నాలుగు నెలలు. ఈయన మామూలు మనిషి కాదు. 2018 ఏప్రిల్‌లో, సమ్మె చేశారని దాదాపు 16 వేల మంది నర్సులను ఒక్క ప్రకటనతో ఇంటికి పంపిన మహానుభావుడు. తర్వాత వాళ్లను వెనక్కి పిలవక తప్పలేదనుకోండి. 2020లో కోవిడ్ కొనుగోళ్ల గొడవలో ఆరోగ్య మంత్రి పదవి ఊడితే, ఆ కుర్చీ ఎవరికి ఇచ్చారు? చివెంగా గారికే! ఆరోగ్య మంత్రి హోదాలో 2021లో ఆయన మళ్లీ వైద్యానికి చైనా వెళ్లారు. తన శాఖ మీద మంత్రికి ఉన్న నమ్మకం అంతటిది.

2023 జనవరిలో కొత్త చట్టం వచ్చింది. వైద్య సిబ్బంది మూడు రోజులకు మించి సమ్మె చేస్తే కటకటాలే, ఆరు నెలల దాకా. అదే ఏడాది చివెంగా ఇంకో గర్జన చేశారు. విదేశాలు మన నర్సులను ఎగరేసుకుపోవడం మానవాళిపై నేరమని, చట్టం తెచ్చి శిక్షిస్తామని. ఆహా! నర్సు విమానం ఎక్కితే మానవాళిపై నేరం. ఆరోగ్య మంత్రి విమానం ఎక్కితే వైద్యం. నైజీరియా కూడా వెనకబడలేదు. డాక్టర్లు ఐదేళ్లు దేశంలో పనిచేస్తే గానీ పూర్తి లైసెన్సు ఇవ్వొద్దని 2023లో ఒక బిల్లు ప్రతినిధుల సభలో రెండో పఠనం దాటింది. మరి నాయకులు ఐదేళ్లు దేశంలోనే మందు మింగాలని బిల్లు ఎవరు పెడతారు?

లండన్ దొరలను వదిలేద్దామా? అన్యాయం. నైజీరియా, జింబాబ్వే వంటి వైద్య సిబ్బంది కొరత దేశాల నుంచి వేటాడి మనుషుల్ని తెచ్చుకోబోమని బ్రిటన్ ఎర్ర జాబితా ఒకటి గోడకు తగిలించింది. ఎవరైనా తమంతట తాము దరఖాస్తు పెట్టుకుంటే మాత్రం అభ్యంతరం లేదు. పిలవరు, గడియా పెట్టరు. లాగోస్‌లో జనం డబ్బుతో చదివిన డాక్టరు ఎకానమీ క్లాసులో లండన్ చేరతాడు. ఆయన్ను నిలబెట్టుకోలేని నాయకుడు సొంత జెట్‌లో వెనకే వస్తాడు. రోగీ అక్కడే, వైద్యుడూ అక్కడే. ఇద్దరి బిల్లూ లాగోస్ జనానిదే. అబూజా ప్రతిజ్ఞలోనే సంపన్న దేశాలకూ ఒక మాట ఉంది, జాతీయాదాయంలో 0.7 శాతం సాయం ఇవ్వాలని. బ్రిటన్ 2021లో దాన్ని 0.5కు కోసింది. 2027కల్లా 0.3 చేస్తానని 2025లో ప్రకటించింది. మిగిలిన డబ్బు దేనికి? రక్షణ ఖర్చుకు. అమెరికా అయితే 2025 జనవరిలో ఒక్క సంతకంతో సాయం ఆపేసింది. మరుసటి నెలలోనే నైజీరియా పార్లమెంటు ఆరోగ్యానికి అదనంగా 20 కోట్ల డాలర్లు తీసి పెట్టింది. మంచిదే. అంటే డబ్బుందన్నమాట! ఇన్నాళ్లూ ఏ బీరువాలో నిద్రపోయింది?

పేద ఖండం, ఏం చేస్తారు పాపం అని జాలిపడే వాళ్లకు బోట్స్వానాను చూపించాలి. హెచ్ఐవీ ఊళ్లకు ఊళ్లను మింగుతుంటే 2002లోనే ప్రభుత్వమే ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. విదేశీ దాతల చెయ్యీ ఉంది, వజ్రాల డబ్బూ ఉంది. వజ్రాలు అంగోలాకూ ఉన్నాయి కదా? వజ్రాలు లేని రువాండా కూడా జనాభాలో అత్యధికులను ఆరోగ్య బీమా కిందకు తెచ్చింది. అక్కడి రాజకీయాలపై నాకు వేరే తగాదా ఉంది, అది ఇంకోసారి.

నాయకుడికి జెట్ ఉంది. మిగతా వాళ్లకు? హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల వరండాల్లో కూర్చుంటే కనిపిస్తారు. సూడాన్, సోమాలియా, నైజీరియా, కెన్యా నుంచి చేతిలో ఫైలు పట్టుకుని వచ్చిన కుటుంబాలు. వాళ్ల వెనక ప్రతినిధి బృందం ఉండదు, దుబాసీ ఒకడుంటాడు, బిల్లు కౌంటరు ఉంటుంది. వాళ్లను చూసి నవ్వే అర్హత మనకెక్కడిది? మన మంత్రులకు ఛాతీలో కలుక్కుమంటే ఉస్మానియా ఆసుపత్రికి వెళ్తున్నారా?

బుహారీ దిగిపోవడానికి పది రోజుల ముందు, 2023 మేలో, అధ్యక్ష భవనంలో కొత్త వీఐపీ ఆసుపత్రి విభాగాన్ని ప్రారంభించారు. 2022 బడ్జెట్‌లో దానికి కేటాయింపు 2,100 కోట్ల నైరాలు. ఇక పెద్దలు విదేశాలకు వెళ్లక్కర్లేదన్నారు. 2025 జూలై 13న బుహారీ కన్నుమూశారు. లండన్ క్లినిక్‌లో. ఎనిమిదేళ్లు ఆయనకు ప్రతినిధిగా ఉన్న ఫెమీ అడెసీనా టీవీలో సమర్థించుకొచ్చారు. గొప్ప కోసం నైజీరియాలోనే వైద్యం చేయించుకుని ఉంటే ఆయన ఎప్పుడో పోయేవారని, ఆ నైపుణ్యం దేశంలో ఉండకపోవచ్చని. ఎనిమిదేళ్లు పాలించిన ప్రభుత్వానికి సొంత మనిషే ఇచ్చిన సర్టిఫికెట్ ఇది. ఆ దేశంలో 20 కోట్ల మందికి పైగా ఇప్పటికీ అక్కడే వైద్యం చేయించుకుంటున్నారు. గొప్ప కోసమే కాబోలు.