డబ్బాల్లో దిగిన పస్కా

పోయినేడు మా పక్కింటివాళ్ళ పస్కా విందు వ్యానులో వచ్చింది. ఒక కుర్రాడు నాలుగు అట్టపెట్టెలు మెట్ల మీద దించి, సంతకం చేయించుకుని, గేటు కూడా వెయ్యకుండా వెళ్ళిపోయాడు. పెట్టె మీద 'పది మందికి' అని చీటీ. నేను వరండాలో కుర్చీ వేసుకుని అంతా చూస్తూనే ఉన్నాను. డెబ్బై ఎనిమిదేళ్ళవాడికి చూడటం, సణగటం తప్ప ఇంకేం పనుంటుంది?

తెనాలి నుంచి నేను న్యూయార్క్‌లోని క్వీన్స్‌కి వచ్చింది 1975లో. ఫ్లషింగ్‌లో గణపతి గుడి ఇంకా వెలవలేదు, అది 1977లో. మెయిన్ స్ట్రీట్ పట్టుకుని కిందికి వస్తే యూదుల పేట. అక్కడే ఇల్లు దొరికింది. పక్కింటావిడ నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. మన బైబిల్లో పస్కా అని రాసే పండగను వాళ్ళు పేసహ్ అంటారు. ఈజిప్టులో బానిసత్వం నుంచి బయటపడ్డ రాత్రిని తలుచుకునే పండగ. చాలా ఏళ్ళు మన చైత్ర పౌర్ణమికి అటూ ఇటుగా వస్తుంది.

ఆ రోజుల్లో పండగ వస్తోందని నాకు క్యాలెండరు చెప్పక్కర్లేదు. మూడు వారాల ముందే వాళ్ళింట్లో పరుపులు ఎండలోకి వచ్చేవి. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాలతో చేసి పులిసినదేదీ ఆ ఎనిమిది రోజులూ ఇంట్లో ఉండకూడదు. కోటు జేబుల్లో బిస్కెట్టు పొడి ఉందేమోనని జేబులు తిరగేసి దులిపేవారు. పండగ ముందు రాత్రి దీపాలార్పి, కొవ్వొత్తి పట్టుకుని, పక్షి ఈకతో మూలమూలా ఊడ్చి, దొరికిన రొట్టె ముక్కల్ని పొద్దున్నే పెరట్లో కాల్చేసేవారు. ఏడాదంతా వాడిన పళ్ళాలు బీరువాలోకి, అటక మీది పస్కా పెట్టె కిందికి. ఆ గిన్నెలు ఈ ఎనిమిది రోజులకే. మా నాయనమ్మ మడి చూసి పెరిగినవాణ్ణి, నాకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

తెలిసీ తప్పు చేశాను. మొదటి ఏడు విందుకు పిలిస్తే, ఉత్త చేతులతో వెళ్ళకూడదని పులిహోర కలిపి పట్టుకెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. వాళ్ళు తూర్పు ఐరోపా వైపు యూదులు, పస్కాలో బియ్యం తినరు. పప్పులు తినరు. ఆవాలు కూడా తినరు. "ఇంకేం వేశావు?" అంది. ఇంగువ అన్నాను. డబ్బా తెమ్మంది. తెచ్చి చూస్తే అందులో కలిపింది గోధుమపిండి! పులిహోర ఇంటికి, నేను లోపలికి. మరుసటి ఏటి నుంచి పళ్ళు పట్టుకెళ్ళడం నేర్చుకున్నాను.

ఇక వంట. గెఫిల్టె ఫిష్ అని చేప ఉండలు. కార్ప్, పైక్, వైట్ ఫిష్ మాంసం తెచ్చి, చెక్క గిన్నెలో కత్తితో దంచినట్టు తరిగేది, ఉల్లిపాయా గుడ్డూ కలిపి ఉండలు చుట్టేది. కోడి చారు రాత్రంతా సన్న సెగ మీద ఉండేది. అందులో వేసే మట్జా (పులియని రొట్టె) ఉండలు దూదిలా తేలాలా, రాయిలా మునగాలా అని మొగుడూ పెళ్ళాల మధ్య ఏటా పోట్లాటే. ఆపిల్, వాల్‌నట్, దాల్చినచెక్క, తీపి వైను కలిపి హరోసెత్ చేసేది. బానిసలుగా ఇటుకలు పేర్చినప్పటి అడుసుకు అది గుర్తు. గొడ్డుమాంసం గంటల తరబడి ఉడికేది. నేను ముట్టనని నాకు విడిగా కోడి.

అన్నిటికంటే ఘనమైనది హార్స్‌రాడిష్. ముల్లంగి చుట్టం, ఆవ ఘాటు. గ్రంథంలో చెప్పిన చేదు కూరలకు ఆనవాలు. కిటికీలు తెరిచి, ముఖం పక్కకు తిప్పుకుని ఆ గడ్డ తురుముతుంటే ఆవిడ కళ్ళు ధారలు కట్టేవి. గుంటూరు కారం తిన్నవాణ్ణని రొమ్ము విరుచుకుని ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. కారం నాలుక మీద మండుతుంది. ఇది ముక్కులోంచి నడినెత్తికి ఎక్కింది.

విందు పేరు సెడర్, అంటే క్రమం. నాలుగు గిన్నెల వైను, మధ్యలో కథ. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు లేచి, 'ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదు?' అంటూ నాలుగు ప్రశ్నలు అడగాలి. అప్పుడు ఆ వంతు ఆవిడ కూతురిది, పదేళ్ళ పిల్ల. నాలుగూ అడిగేసి ఐదోది సొంతంగా వేసింది: "అమ్మ పొద్దున్న వంటింట్లో ఎందుకేడ్చింది?" అందరూ నవ్వారు. ఇంటాయన నవ్వలేదు. చేదు గురించి, బానిసల కన్నీళ్ళ గురించి అరగంట చెప్పాడు.

ఇప్పుడా కూతురికి అరవై దాటాయి. తల్లి లేదు. విందు మాత్రం అదే ఇంట్లో, ఇప్పటికీ నన్ను పిలుస్తుంది. పోయినేడు రెండు వారాల ముందు ఫోనులోనే అంతా ఎంచుకుని డబ్బు కట్టేసింది. చారు ఒక డబ్బా, ఉండలు ఒక డబ్బా, మాంసం ముక్కలు కోసి మూత బిగించిన అల్యూమినియం ట్రే. ప్రతి మూత మీదా ఎంత వేడిలో ఎన్ని నిమిషాలు పెట్టాలో రాసిన కాగితం. సెడర్ పళ్ళెంలో పెట్టే కాల్చిన ఎముక ప్లాస్టిక్ సంచిలో వచ్చింది, ధర చీటీతో సహా. హార్స్‌రాడిష్ బొటనవేలంత గిన్నెలో, బీట్‌రూట్ కలిపి, ఎర్రగా, సాధువుగా. తిన్నాను, తుమ్ము కూడా రాలేదు.

సెడర్ మొదలైంది. ఈజిప్టుకు పట్టిన పది తెగుళ్ళ పేర్లు చదువుతూ, ఒక్కోదానికి వేలు ముంచి ఒక్కో బొట్టు వైను పళ్ళెంలో విదల్చాలి. శత్రువుల బాధ తలుచుకుని మన ఆనందం అంత తగ్గించుకోవడం అన్నమాట. ఏడో బొట్టు దగ్గర ఓవెన్ కీచుమంది. ఆ అమ్మాయి లేచి పరుగు. మిడతలు, చీకటి ఓవెన్‌కోసం ఆగాయి.

నా సణుగుడు లోపల దాచుకోలేక, ఎంగిలి పళ్ళాలు తీస్తూ అనేశాను: "మీ అమ్మ ఉంటే ఈ పెట్టెలు గుమ్మం దాటనిచ్చేదా?"

ఆమె నన్ను మా పిల్లల్లాగే అంకుల్ అంటుంది. "అంకుల్, అమ్మ పదిహేను రోజులు నిలబడి వండి, పండగ రాత్రి బల్ల దగ్గర కూర్చుని నిద్రపోయేది. మీరే చూశారు. నేను మెలకువగా ఉన్నాను" అంది.

నిజమే, నిద్రపోయేది. మూడో గిన్నెకే తల వాలేది. మేమంతా ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం తప్ప, లేచి ఒక గిన్నె కడిగిన మగవాడు లేడు. నాతో సహా.

ఆమె అక్కడితో వదల్లేదు. "అమ్మ మట్జా ఎప్పుడైనా కాల్చిందా?" అని అడిగింది. లేదు. పిండిలో నీళ్ళు పడ్డాక 18 నిమిషాల్లో కాలి బయటికి రావాల్సిన రొట్టె అది, ఇంట్లో అయ్యే పని కాదు. ఆవిడతో కలిసి రివింగ్టన్ స్ట్రీట్‌లో స్ట్రైట్స్ మట్జా కార్ఖానాకు వెళ్ళేవాణ్ణి. 1925 నుంచి 2015 దాకా అక్కడే నడిచింది. ఆ వీధంతా కాలిన పిండి వాసన. అసలు యంత్రం మీద చేసిన మట్జా పండక్కి పనికొస్తుందా అని పందొమ్మిదో శతాబ్దంలో రబ్బీలే రెండు పక్షాలై వాదించుకున్నారు. సెడర్‌లో చేతిలో పట్టుకుని చదివిన హగ్గదా పుస్తకమో? మాక్స్‌వెల్ హౌస్ కాఫీవాళ్ళు 1932లో మొదలుపెట్టి కాఫీతో పాటు ఊరికే పంచిపెట్టినది. అంతెందుకు, ఆవిడ చిన్నప్పుడు బ్రూక్లిన్‌లో బతికున్న కార్ప్ చేపను స్నానాల తొట్టిలో వదిలేవారట. కొట్లో కోసి ఇచ్చిన చేప కొనడం మొదలుపెట్టినప్పుడు వాళ్ళమ్మ నెలరోజులు సణిగిందట, 'మా రోజుల్లో' అని.

నేను మాత్రం తక్కువా? మా ఇంట్లో ఉగాది పచ్చడి ఇప్పుడు మూతపెట్టిన కప్పులో కొట్టు నుంచి వస్తోంది. వేపపువ్వు అందులో ఉందని చీటీ చూసి నమ్మాల్సిందే.

కాబట్టి ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను, ముప్పాతిక వంతు. మిగిలిన పావు వంతు ఇది. పోయినేడు ఆమె మనవడు నాలుగు ప్రశ్నలూ తప్పులేకుండా చదివాడు. ఐదోది అడగలేదు. అడగడానికి వాడు పొద్దున్నుంచీ చూసిందేముంది? వ్యాను రావడం. అది మిగతా రాత్రుల్లో కూడా వస్తుంది.

అందుకని ఈ ఏడు ఒప్పందం కుదుర్చుకున్నాం. వ్యాను రావచ్చు, మాంసం రావచ్చు, చారు రావచ్చు. హార్స్‌రాడిష్ గడ్డ మాత్రం పచ్చిది కొంటారు. తురమడం నా వంతు. నా తురుము పీట పనికిరాదట, అటక మీది పస్కా పెట్టె దించి వాళ్ళమ్మ పీటే ఇస్తుందట. ఆ మనవణ్ణి పక్కన కూర్చోబెట్టమన్నాను. యూదుల్లో కన్జర్వేటివ్ శాఖ పెద్దలు 2015లో బియ్యం, పప్పులు తినొచ్చని తీర్పిచ్చారని, పులిహోర సంగతి కూడా చూద్దామంది, వాళ్ళ వంటింట్లో కలిపితే, ఇంగువ లేకుండా.

ఇంగువ లేని పులిహోర! సర్లెండి, దాని గురించి వచ్చే ఏడు సణుగుతాను. మీకు చెప్పేది ఒక్కటే. మీ పండగ ఏదైనా కానివ్వండి, వంటలన్నీ కొనుక్కోండి, ఎవరూ తప్పుపట్టరు. ఒక్కటి మాత్రం ఇంట్లో చేయండి. అదీ ఒక్క ఆడమనిషి నెత్తిన వేయకుండా, పిల్లలు చూస్తుండగా.