ఖాళీ పైపు ఆత్మకథ

నన్ను చూసినవాళ్లు తక్కువ. ఇకమీదట చూసేవాళ్లు అసలుండరు. హనుమకొండలో కొత్తగా కట్టిన రెండంతస్తుల ఇంటి మొదటి స్లాబులో, ఇనుప చువ్వల మధ్య కాంక్రీటు కప్పుకుని పడుకున్నాను. ఇంటికొచ్చిన చుట్టాలకు సింహద్వారం టేకు గురించి చెబుతారు, వంటగది గ్రానైటు మీద చెయ్యి వేసి చూడమంటారు. నా ఊసెత్తరు. ఎత్తాల్సిన అవసరం రాలేదంటే నా పని సరిగ్గా సాగుతున్నట్టే కాబట్టి నాకు కోపమేమీ లేదు.

నేను 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపును. ఒంటి మీద ఐఎస్ 9537 అని అచ్చు ఉంది. మాలో పల్చటి రకమూ ఉంది, మందపాటి రకమూ ఉంది. స్లాబులో పడుకునేవాడు కాంక్రీటు బరువును, పైన నడిచే కూలీల కాళ్లను, వైబ్రేటరు అదురును ఓర్చుకోవాలి. పల్చటివాడికి అది చేతకాదు.

స్లాబు పోయడానికి ముందురోజు సాయంత్రం దాకా ఇంటి ప్లానులో నా పేరే లేదు. సెంట్రింగ్ అయిపోయింది, చువ్వలు కట్టేశారు, లైట్లకూ ఫ్యాన్లకూ పైపులు పరిచేశారు. అప్పుడు ఇంటివాళ్ల అమ్మాయి నిచ్చెనెక్కి పైకొచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. చుట్టూ చూసి ఎలక్ట్రీషియన్‌ని అడిగింది.

"అన్నా, ఇవన్నీ కరెంటు పైపులే కదా. నెట్‌కు వేరేగ వెయ్యాలె."

"అందరు వైఫై పెట్టుకుంటున్నరు కదక్కా, వైరెవరు గుంజుకుంటరు?"

"ఆ వైఫై పెట్టెకు కూడా ఏదో ఒక వైరు రావాలె కదన్నా. కింద పెడితే ఈ స్లాబు దాటి పైకి ఎంతొస్తదో నువ్వే చెప్పు."

ఆయన కాలి కింద చువ్వల వంక చూసి ఊరుకున్నాడు. రేడియో తరంగాలకు కాంక్రీటూ ఇనుమూ గిట్టవు. 2.4 గిగాహెర్ట్జ్ అయితే కాస్త ఈడ్చుకుంటూ వస్తుంది. వేగంగా నడిచే 5 గిగాహెర్ట్జ్ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. పైఅంతస్తులో మధ్య సీలింగుకి ఒక వైఫై పెట్టె తగిలించి, దానికి కింద నుంచి వైరు ఇవ్వడమే ఆ అమ్మాయి ఆలోచన. హాల్లో టీవీ వెనక ఒక పాయింటు, పైన ఆమె బల్ల దగ్గర రెండు, గేటు వైపు కెమెరాకి ఒకటి. అన్నీ ఒకదానికొకటి గొలుసు కట్టకుండా, దేని దారిన అది వచ్చి ఒకే చోట కలవాలి.

ఆ ఒక్క చోటు దగ్గరే పెద్ద పంచాయితీ అయింది. మెట్ల కింద అని అమ్మాయి అంది. అది చెప్పుల స్టాండుకని ఇంటాయన, రిటైరైన హెడ్మాస్టరు గారు, ముందే అనుకుని ఉన్నారు. కరెంటు డీబీ పక్కనే పెట్టెయ్యొచ్చు కదా అని ఎలక్ట్రీషియన్. 230 వోల్టుల తీగలకు ఆనుకుని డేటా తీగలు సాగితే వాటి రొద వీటికి అంటుకుంటుంది, ఏ తీగ తొక్క ఊడినా ప్రమాదం కూడా. అందుకే కరెంటుదీ నెట్‌దీ ఒకే పైపులో వెయ్యకూడదు, దాటక తప్పని చోట అడ్డంగా దాటాలి. చివరికి కింద సగం చెప్పులకు, పైన సగం నెట్ డబ్బాకు అని తీర్పయింది. "ఇన్వర్టర్ లైను మీద ఒక ప్లగ్గు కూడా ఇయ్యి, కరెంటు పోతే నెట్ పోవద్దు" అని హెడ్మాస్టరు గారే అన్నారు. ఆ రోజంతటిలో నాకు బాగా నచ్చిన మాట అదే.

ఇక మూలల దగ్గర. ఎలక్ట్రీషియన్ చేతిలోకి అలవాటుగా ఎల్బో వచ్చింది. అమ్మాయి వద్దని పెద్ద బెండు వేయించింది. కేబులు ఎంత లావుంటుందో దానికి నాలుగింతల వ్యాసార్థం కంటే బిగుతుగా వంచకూడదు. ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ నడుమ నిలువు మలుపులు రెండుకు మించితే లాగేవాడి చేతులు పోతాయి, తీగ సాగుతుంది. మూతుల్లో కాగితం కుక్కి, నన్ను చువ్వలకు బైండింగ్ వైరుతో కట్టారు. తెల్లారి కాంక్రీటు వచ్చింది.

ఆ తర్వాత చాలాకాలం నాకు పని లేదు. గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ అయింది, రంగులు పడ్డాయి. అందరి కళ్లూ టైల్స్ మీదే. ఏ రాగి తీగ కొన్నారన్నది తప్పయినా తర్వాత దిద్దుకోవచ్చు. నన్ను మాత్రం స్లాబు పోశాక దూర్చలేరు. ఈ మాట ఇల్లు కట్టుకునేవాళ్లలో పదిమంది చెవిన పడితే బాగుండును.

కేబులు అట్టపెట్టెలో వచ్చింది, క్యాట్ 6, 305 మీటర్లు. ఆ లెక్కేమిటని హెడ్మాస్టరు గారు అడిగారు. వెయ్యి అడుగులు. అంతకుముందు తెచ్చిన పెట్టెను ఎత్తి చూసి, తేలిగ్గా ఉందని అమ్మాయి అనుమానపడింది. తీగను బ్లేడుతో గీకితే ఎర్రటి పూత కింద తెల్లగా అల్యూమినియం బయటపడింది. ఆ సరుకు వెనక్కి వెళ్లింది. కెమెరాకూ సీలింగు పెట్టెకూ కరెంటు కూడా ఈ తీగలోనే వెళ్లాలి. అల్యూమినియానికి నిరోధం ఎక్కువ, వేడెక్కుతుంది, కొనలు పుటుక్కున విరుగుతాయి.

ముందు నాలోకి గట్టి తీగను తోసి, దాని కొనకు కేబుళ్లు కట్టి, పౌడరు చల్లి గుంజారు. నాలో నలుగురు పడతారు. ఐదోవాడిని ఎక్కించబోతే సంక్రాంతికి ఊరెళ్లే బస్సే. కేబులు కాస్త గర్విష్ఠి. తనలో ఎనిమిది తీగలు రెండేసి చొప్పున మెలిపడి ఉన్నాయని, ఆ మెలికకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడని నాతో గొప్పలు పోయింది. గొప్పే. బయటి రొద జంటలోని రెండు తీగల మీదా సమానంగా పడుతుంది, అవతలి కొసన తేడా మాత్రమే చదువుతారు కాబట్టి ఆ రొద కొట్టుకుపోతుంది. అయితే కొసల దగ్గర ఆ మెలికను అర అంగుళం కంటే ఎక్కువ విప్పితే ఆ గొప్పంతా ఆవిరే. ఎలక్ట్రీషియన్ మొదట రెండంగుళాలు విప్పాడు, అమ్మాయి కత్తిరించి మళ్లీ చేయించింది. తెలుపు-నారింజతో మొదలుపెట్టి గోధుమరంగు దాకా వరస పేర్చి ప్లగ్గు కొట్టాక, టెస్టరు మీద ఎనిమిది దీపాలూ వరసగా వెలిగాయి.

గృహప్రవేశమైన వారానికి ఫైబర్ కనెక్షన్ కుర్రాడు వచ్చాడు. వచ్చీ రాగానే స్తంభం నుంచి లాగిన తీగను భుజాన వేసుకుని, డ్రిల్లు ప్లగ్గులో పెట్టి, సింహద్వారం చట్రానికి బిట్టు ఆనించాడు. వంటింట్లో నుంచి ఇంటావిడ ఒక్క కేక పెట్టారు. అమ్మాయి పరుగున వచ్చి, వరండా మూలన డబ్బా మూత విప్పి, గేటు వైపు నుంచి మెట్ల కిందికి వెళ్లే మా తమ్ముడి మూతి చూపించింది. అందులో నైలాన్ తాడు సిద్ధంగా ఉంది.

"ముందే చెప్తే అయిపోవు కదక్కా," అన్నాడు కుర్రాడు తాడు అందుకుంటూ.

"నువ్వు ముందే అడిగితే అయిపోవు," అన్నారు ఇంటావిడ, చట్రం మీద బిట్టు చేసిన గీతను కొంగుతో తుడుస్తూ.