కోచింగ్ ఫ్లెక్సీకి టీకా తాత్పర్యం

అవతారిక. పదో తరగతి పరీక్షలు ముగిసీ ముగియకముందే గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ గోడల మీదా ఆటోల వెనకా ఒక వాఙ్మయం వెలుస్తుంది. అందులో సీఏ కోచింగ్‌ది ప్రత్యేక శాఖ. కర్తలు అనేకులు, భావం ఒక్కటే. ఆ భావాన్ని ఆటవెలదిలోకి కుదిస్తే ఇలా ఉంటుంది:

ర్యాంకు మాదె మొదటి రాష్ట్రమంతటిలోన
ఏసి హాస్టలుంది, ఇంటి వంట
ఫీజు సగమె మీకు పేరు నేడిచ్చిన
సీట్లు మిగిలె కొన్ని చేర రండి

మెదక్ జిల్లా కొల్చారం వాడని మనం గర్వంగా చెప్పుకునే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ పద్యానికి ఆ ప్రతిజ్ఞ కుదరదు. చేరబోయే పిల్లకు అక్కరకొచ్చే సంగతులన్నీ మూలం వదిలేసిన చోటే ఉన్నాయి. వ్యాఖ్యాత గోడ దాటి వెళ్లక తప్పదు.

ప్రతిపదార్థం. ర్యాంకు = ఎవరో ఒకరికి ఎప్పుడో వచ్చిన స్థానము; మాదె = మా బ్రాంచీలలో ఏదో ఒకదానిదే; మొదటి = పక్కన చిన్న చుక్క గుర్తు గలది; రాష్ట్రమంతటిలోన = మేము గీసుకున్న ఎల్లలలోన; ఏసి హాస్టలు = కరెంటు బిల్లు విడిగా వేయు వసతి; ఇంటి వంట = ఏ ఇంటిదో చెప్పని వంట; ఫీజు సగమె = ముందుగా పెంచి ఉంచినదానిలో సగమే; పేరు నేడిచ్చిన = అడ్వాన్సు నేడు కట్టినచో; సీట్లు మిగిలె కొన్ని = ఎన్ని అని అడుగవలదు; చేర రండి = పిల్లలతో పాటు తండ్రులును రండి.

తాత్పర్యం. ఎవరో గెలిచారు కనుక మీరూ గెలుస్తారు, గెలవాలంటే ఇవాళే డబ్బు కట్టండి అని భావం.

విశేషాంశాలు. ముందుగా 'ర్యాంకు'. ఇది ఇంటర్ బోర్డు మార్కుల్లోదా, సీఏ తొలి మెట్టు ఫౌండేషన్‌లోదా, చివరి మెట్టు ఫైనల్‌లోదా అన్నది కవి చెప్పడు. సీఏ పరీక్షలు జరిపే ఇన్‌స్టిట్యూట్ ప్రకటించే మెరిట్ జాబితా అఖిల భారత స్థాయిది. 'రాష్ట్రం' అన్నది కవి సొంత కల్పన కావచ్చు. అదలా ఉంచి, అంకెల దగ్గరకు వద్దాం. 2024 జూన్ ఫౌండేషన్ పరీక్షకు దేశమంతటా 91,900 మంది కూర్చుంటే గట్టెక్కినవారు 13,749 మంది. వందకు పదిహేను కూడా నిండలేదు. ఇలాంటి పరీక్షలో ఒక సంస్థ ఫ్లెక్సీ మీద పది ముఖాలు నవ్వుతుంటే, ఆ పది ఎందరిలోంచి వచ్చాయన్నదే అసలు ప్రశ్న. నలభై మంది క్లాసులో పది వేరు, నాలుగు వందల మంది క్యాంపస్‌లో పది వేరు. లాభం రాసి పెట్టుబడి రాయని ఖాతాను ఏ సీఏ ఆమోదించడు. అయినా ఆ సీఏ కావడానికే జనం ఇలాంటి ఖాతా చూసి చేరుతున్నారు. అలంకారశాస్త్రంలో దీన్ని విరోధాభాసం అంటారు. ఇక్కడ విరోధం మాత్రమే ఉంది, ఆభాసం లేదు.

పిల్లలకు అంతుబట్టని మరో లెక్క. ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు, ఒక్కోటి వంద మార్కులు. ప్రతిదానిలో నలభై రావాలి, మొత్తం మీద సగం రావాలి. నాలుగింట్లోనూ సరిగ్గా నలభై తెచ్చుకున్నవాడికి వచ్చేది 160, కావలసింది 200. వాడు ఏ పేపరూ తప్పలేదు, పరీక్ష మాత్రం తప్పాడు. క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, ఎకనామిక్స్ పేపర్లలో తప్పు జవాబుకు పావు మార్కు కోత కూడా ఉంది. మార్కులు ఎక్కడ పోతున్నాయో తెలియాలి కాబట్టి కాలేజీని చూడబోయినప్పుడు ల్యాబు చూడనక్కరలేదు, దిద్దిన జవాబు పత్రాల కట్ట అడిగి చూడాలి. మార్జిన్‌లో ఎర్ర సిరాతో రెండు ముక్కలు రాసి ఉన్నాయా, ఒట్టి టిక్కులేనా? పత్రం రాసిన ఎన్నాళ్లకు తిరిగొచ్చింది? చదువు చెప్పేవారు దండిగా దొరికే ఈ రోజుల్లో దిద్దేవారే కరువు.

'మొదటి' పక్కనున్న చుక్క గుర్తు గురించి. ప్రాచీన వ్యాఖ్యాతలు దీన్ని ఉపేక్షించారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఉపేక్షించలేదు. 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు ఇస్తూ, విజేత ఫొటో వేస్తే అతని ర్యాంకుతో పాటు అతను తీసుకున్న కోర్సు ఏది, ఎన్నాళ్లది, ఫీజు కట్టి చదివాడా అన్నదీ చెప్పాలంది. చిన్న అక్షరాల షరతులు కూడా ప్రకటనంత సైజులోనే ఉండాలంది. చివరి పాదంలోని 'సీట్లు మిగిలె కొన్ని'కి కూడా అక్కడే చెక్ పెట్టింది. లేని కొరతను, లేని తొందరను సృష్టించరాదన్నది ఆ మార్గదర్శకాల మాట. ఆ లెక్కన ఈ పద్యంలో నిలబడేది రెండో పాదం ఒక్కటే.

ఆ రెండో పాదానికి వ్యాఖ్య అక్కరలేదు. మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి మెస్‌లో తింటే చాలు.

'చేర రండి'. ఈ పిలుపులో గూఢార్థం ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 నాటిది. దాని మొదటి షెడ్యూలు ప్రకారం ప్రాక్టీసులో ఉన్న సీఏ ప్రకటనలిచ్చి క్లయింట్లను పిలుచుకోవడం వృత్తిదోషం. ఇంత పెద్ద ఫ్లెక్సీ చూసి చేరిన పిల్లవాడు పరీక్షలన్నీ గెలిచి ఆఫీసు తెరిస్తే, గుమ్మానికి పేరూ డిగ్రీ ఉన్న బోర్డు పెట్టుకుని మౌనంగా కూర్చోవాలి.

ఆక్షేపం: ఇన్ని లోపాలుంటే గుంటూరుకు సీఏ చదువుల ఊరని పేరెలా వచ్చింది? సమాధానం: అది ఫ్లెక్సీలు తెచ్చిన పేరు కాదు. ఏళ్ల తరబడి అధ్యాపకులు, హాస్టళ్లు, ఒకే పరీక్షకు చదివే పిల్లలు ఒకచోట చేరారు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఏ మెస్‌లో కూర్చున్నా పక్కవాడు జర్నల్ ఎంట్రీ గురించే మాట్లాడతాడు. అక్కడి చిరునామాలు కూడా లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు కలిపి రెండు అంకెలతోనే ఉంటాయి కనుక డబుల్ ఎంట్రీ ఆ ఊరి గాలిలోనే ఉందని వ్యాఖ్యాతలలో ఒకరు చమత్కరించారు. ఢిల్లీలో లక్ష్మీనగర్‌కు వచ్చిన పేరూ ఇలాంటిదే. ఇంట్లో ఒంటరిగా చదివితే నిద్రపోయే పిల్లకు ఆ ఊరు మేలు చేస్తుంది. పక్కవాడి మార్కులు చూస్తే చెయ్యి వణికే పిల్లకు అదే ఊరు కీడు చేస్తుంది.

మరో ఆక్షేపం: ఇల్లు వదలకపోతే కాదా? అవుతుంది. ఇన్‌స్టిట్యూట్ తన స్టడీ మెటీరియల్‌ను, రివిజన్ టెస్ట్ పేపర్లను, మాక్ టెస్ట్ పేపర్లను, పాత పరీక్షల సూచిత జవాబులను ఉచితంగానే ఆన్‌లైన్‌లో ఉంచుతోంది. లైవ్ క్లాసులూ ఉచితంగా నడుపుతోంది. చెన్నై కేంద్రంగా ఉన్న దాని దక్షిణ ప్రాంతీయ మండలికి హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తిరుపతి వంటి చోట్ల శాఖలున్నాయి. ఎవరూ డబ్బు అడగరు కనుక ఈ మార్గానికి అడ్మిషన్ల కోసం తిరిగే పీఆర్‌ఓ లేడు, ఇంటికొచ్చి టీ తాగి వెళ్లేవాడూ లేడు. పీఆర్‌ఓ లేని దారి చాలా ఇళ్లలో దారిగానే లెక్కకు రాదు.

ఫీజు సంగతి చెప్పకపోతే తండ్రులు ఒప్పుకోరు. రెండేళ్లకు ఒకేసారి కట్టించుకునేచోట, మధ్యలో మానేస్తే ఎంత తిరిగొస్తుందో కాగితం మీద రాయించుకోవాలి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన కోచింగ్ మార్గదర్శకాలు, మిగిలిన కాలానికి సరిపడా సొమ్మును పది రోజుల్లో తిరిగివ్వాలన్నాయి. అమలు రాష్ట్రాలది కనుక రసీదు వెనకవైపు కూడా చదువుకోవడం మంచిది.

పద్యం వర్తించే హద్దు. సీఏ ఫౌండేషన్, సీఏ ఇంటర్మీడియట్ దాటాక రెండేళ్ల ఆర్టికల్‌షిప్, అంటే సీఏ ఫర్మ్‌లో శిక్షణ. అంతకుముందు మూడేళ్లుండేది, 2023 జులై నుంచి అమలైన కొత్త పథకంలో తగ్గింది. ఆ రెండేళ్లూ పిల్ల ఎక్కడుంటుందో ఏసీ హాస్టల్ నిర్ణయించదు, ఆర్టికల్స్ ఇచ్చే ఫర్మ్ నిర్ణయిస్తుంది. ఆడిట్‌కని ఒక వారం పటాన్‌చెరు ఫ్యాక్టరీ, మరో వారం జిల్లా సహకార బ్యాంకు. ఫైనల్ క్లాసులు బస్సులో, ఇయర్‌ఫోన్‌లో, ఒకటిన్నర రెట్ల వేగంతో.